బోర్డు మీది కవి

కోట్‌పల్లి అనగానే మా ఆఫీసులో అందరికీ గుర్తొచ్చేది ప్రాజెక్టులో కయాకింగ్. మొన్న ఆదివారం అటే వెళ్తూ దారిలో ఒక సర్కారు బడి బోర్డు చూశాను. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, కింద ఊరి పేరు. మన ఊళ్లలో చాలా బళ్లకు ఇదే పేరు. ఊరొక్కటే మారుతుంది.

హంగరీలో నాజ్‌కొరొష్ అనే ఊళ్లో ఒక పాత హైస్కూలు ఉంది. కవి యానోష్ అరాన్ 1851 నుంచి 1860 దాకా అక్కడ పాఠాలు చెప్పాడు. ఇప్పుడా బడికి ఆయన పేరే. ఆ పేరు వెనక తొమ్మిదేళ్ల పని ఉంది.

మనమూ కవుల పేర్లు పెడతాం. కాళోజీ పేరు పెట్టాం కదా, వరంగల్‌లోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి! జనం మాట్లాడే భాష కోసం కొట్లాడిన మనిషి పేరు, ఇంగ్లిష్‌లో సాగే వైద్య చదువు సర్టిఫికెట్ల మీద. ఆయన పుట్టినరోజు, సెప్టెంబర్ 9, మనకు తెలంగాణ భాషా దినోత్సవం. మర్నాడు క్లాసులో పిల్లాడు 'గిట్లెందుకు సార్' అంటే 'సరిగ్గా మాట్లాడు' అంటాం.

"గౌరవంగా పెట్టుకున్న పేరు, తప్పేంటి?" అంటారు మిత్రులు. తప్పేం లేదు. కానీ కోడ్‌లో ఫంక్షన్ పేరు మార్చినంత మాత్రాన అది చేసే పని మారదు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి బోర్డు కట్టి జవాబివ్వలేదు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేశారు.

కాబట్టి కోట్‌పల్లిలో బడికి కవి పేరు పెట్టమని నేనడగను. ముందు అక్కడి పిల్లల మాటను క్లాసులోకి రానివ్వండి. రేపు ఆ బెంచీల మీంచే ఒక కవి లేస్తే, పేరు కోసం వెతుక్కునే పనుండదు.