ఎందుకు? ఎట్లా? — కారు రేడియో గరగరలు



ఆదివారం పొద్దున్నే మీరంతా విశాఖపట్నం నుంచి అరకు బయలుదేరారనుకోండి. ముందు సీట్లో నాన్నగారూ, అమ్మా. వెనుక మీరూ, మీ చెల్లాయీ. రేడియోలో మంచి పాట వస్తున్నది. శృంగవరపుకోట దాటి కారు ఘాటురోడ్డు ఎక్కసాగింది. ఒక మలుపు తిరిగేసరికి పాట కాస్తా ‘గర్‌ర్‌ర్’మని మాయమైంది. ఇంకో మలుపు తిరగగానే మళ్ళీ పాట! ఆపైన మళ్ళీ గరగర!

“ఈ రేడియో పాడైపోయింది. కొత్తది కొనాలి,” అని నాన్నగారు విసుక్కున్నారు.

తొందరపడవద్దని నాన్నగారికి చెప్పండి. వైద్యుడు రోగిని చూడగానే మందు రాసివ్వడు గదా! నొప్పి ఎక్కడ, ఎప్పుడు వస్తుంది అని ముందుగా అడుగుతాడు. మనం కూడా కారు రేడియోను మూడు ప్రశ్నలు అడగాలి. గరగర ఎక్కడ వస్తున్నది? ఎప్పుడు వస్తున్నది? ఏ స్టేషనుకు వస్తున్నది?

మొదటి ప్రశ్న: ఎక్కడ?

రేడియో అలలన్నీ ఒకే పొడవు ఉండవు. ఎఫ్.ఎం.లో 100 మెగాహెర్ట్జుల మీద పాడే స్టేషను అల పొడవు 3 మీటర్లు. అంటే మీ కారంత పొడవు కూడా లేదన్నమాట. ఇటువంటి పొట్టి అలలు ఇంచుమించు వెలుతురు లాగే తిన్నగా పోతాయి. ఎదురుగా కొండ ఉంటే దాని వెనుక నీడ పడుతుంది. అది మన కంటికి కనిపించని రేడియో నీడ. ఘాటు రోడ్డులో మీ కారు ఆ నీడలోకి పోతూ, బయటికి వస్తూ ఉన్నది. అంతే! రేడియో తప్పేమీ లేదు. విశాఖపట్నం చుట్టూ కొండలే గనుక, ఊరి అంచుల్లో కూడా ఇటువంటి నీడలు తగులుతాయి.

మీడియం వేవ్ అలల సంగతి వేరు. ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం 1963లో ప్రారంభమైంది. దాని మీడియం వేవ్ ప్రసారానికి కేటాయించినది 927 కిలోహెర్ట్జులు. ఆ అల పొడవెంతో తెలుసునా? సుమారు 323 మీటర్లు! ఇంత పొడవైన అల నేలను అంటిపెట్టుకుని, కొండల పక్కగా వంగి చాలా దూరం పోగలదు. కాని దానికీ ఒక బలహీనత ఉన్నది. అది రెండో ప్రశ్నలో తెలుస్తుంది.

గరగర ఎప్పుడూ ఒకే చోట, పెద్ద కరెంటు తీగల కింద వస్తున్నదా? సముద్రపు గాలిలోని ఉప్పు ఆ స్తంభాల మీది పింగాణీ గిన్నెలకు పేరుకుంటుంది. తేమ తగలగానే వాటి మీద సన్నని మెరుపులు పాకుతాయి. ఆ గోల రేడియోలో వినిపిస్తుంది. అది తీగల దోషం, కారుది కాదు.

రెండో ప్రశ్న: ఎప్పుడు?

కారును ఆరుబయట నిలిపి, ఇంజను ఆపి, రేడియో మటుకు పెట్టమని నాన్నగారిని అడగండి. పాట శుభ్రంగా వస్తున్నదా? ఇప్పుడు ఇంజను నడిపించమనండి. వెంటనే ‘టిక్ టిక్ టిక్’ మొదలైతే దొంగ దొరికినట్టే!

ఎట్లాగంటారా? 1887 ప్రాంతంలో జర్మనీలో హైన్‌రిష్ హెర్ట్జ్ అనే శాస్త్రజ్ఞుడు విద్యుత్తుతో నిప్పురవ్వలు పుట్టించాడు. రవ్వ ఎగిరినప్పుడల్లా రేడియో అలలు పుడుతున్నవని చూపించాడు. 1895లో మన జగదీశ చంద్ర బోసు కలకత్తాలో అటువంటి అలలనే గోడలు దాటించి, అవతల గంట మోగించాడు. పెట్రోలు కారు ఇంజనులో ఏం జరుగుతుంది? పెట్రోలు ఆవిరిని మండించటానికి ప్లగ్గులో క్షణక్షణం నిప్పురవ్వ ఎగురుతుంది. అంటే మీ కారులోనే ఒక చిన్న రేడియో స్టేషను ఉన్నదన్నమాట! దానికి పాటలు రావు. టిక్కు టిక్కుమనటమే వచ్చు.

1930లో అమెరికాలో షికాగో నగరపు గాల్విన్ కంపెనీ ‘మోటరోలా’ అనే పేరుతో కారు రేడియోలు అమ్మసాగింది. ఆ రోజుల్లో వాళ్ళ పెద్ద చిక్కు ఈ నిప్పురవ్వల గోలే. ప్లగ్గు తీగలో కొంత అడ్డు, అనగా రెసిస్టరు, పెడితే గోల తగ్గుతుందని తెలిసింది. ఈనాటి ప్లగ్గులలోనూ వాటి తీగలలోనూ ఆ అడ్డు ముందే అమర్చి ఉంటుంది. అది పాడైనా, తప్పురకం ప్లగ్గు వేసినా టిక్కుటిక్కు మళ్ళీ వస్తుంది.

శబ్దాన్ని బట్టి దొంగను పట్టవచ్చు. యాక్సిలరేటరు తొక్కినకొద్దీ టిక్కులు త్వరపడితే ప్లగ్గుల వైపు చూడాలి. దోమ పాడినట్టు ‘కుయ్’మంటూ స్వరం పెరిగితే, బ్యాటరీని నింపే ఆల్టర్నేటరును అనుమానించాలి. వైపరు తిరిగినప్పుడు మాత్రమే వస్తే వైపరు మోటారు. సెల్‌ఫోను చార్జరు పెట్టినప్పుడే వస్తే అదే దొంగ! ఒక్కొక్క దాన్నే తీసి చూడండి. అన్నీ ఒక్కసారి తీసేస్తే గరగర పోతుంది గాని, దొంగ ఎవరో తెలియదు. డీజిలు ఇంజనులో ఇటువంటి రవ్వలే ఉండవు. కనుక అక్కడ టిక్కుటిక్కుమంటే వేరేచోట వెతకాలి.

ఈ గోల మీడియం వేవ్‌కే ఎక్కువ. అక్కడ పాట అల ఎత్తుపల్లాల రూపంలో వస్తుంది. గోల వచ్చి ఆ ఎత్తులను చెడగొడుతుంది. ఎఫ్.ఎం.లో పాట అల కంపించే వేగపు మార్పులో దాగి ఉంటుంది. అందువల్ల ఎత్తు చెడినా పాట అంతగా చెడదు.

మూడో ప్రశ్న: ఏ స్టేషను?

ఒక్క స్టేషనే సరిగా రాకపోతే ఆ స్టేషను దూరంగానైనా ఉండాలి, లేదా దాని ప్రసారంలోనే లోపమైనా ఉండాలి. ఊరి నడుమ కూడా స్టేషన్లన్నీ బలహీనంగా వస్తే ఏరియల్‌ను చూడండి. కారు ఒక ఇనుపపెట్టె. లోహపు గూడు లోపలికి బయటి విద్యుత్ ప్రభావం రాదని 1836లో మైకేల్ ఫారడే చూపించాడు. అందుకే ఏరియల్‌ను బయట పెడతారు. దాని అడుగు భాగం కారు ఇనుముకు గట్టిగా తగిలి ఉండాలి. విశాఖలో ఉప్పుగాలి అక్కడ తుప్పు పట్టిస్తుంది. మర వదులైనా, తుప్పు పట్టినా పాట సన్నగిల్లుతుంది. రేడియో వెనుక ఏరియల్ తీగ సరిగా గుచ్చుకుని ఉన్నదో లేదో కూడా చూడాలి. చాలాసార్లు కొత్త రేడియో అక్కరలేదు. తుప్పు గీకి మర బిగిస్తే చాలు!

“పాట రాకపోతే ఏం పోయింది?” అని మీ చెల్లాయి అడగవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకింది. చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు, సెల్‌ఫోన్లూ మూగపోయాయి. అటువంటి వేళ కరెంటుతో పని లేకుండా, బ్యాటరీతో పలికే రేడియో వార్తలూ హెచ్చరికలూ వినిపించగలదు. మీ కారులో అటువంటిది ఒకటి ఉన్నది. అది పలుకుతుందో లేదో తుపాను వచ్చిన రోజున చూసుకుంటే ఎట్లా? ముందుగానే చూసుకోవాలి.

ఒక జాగ్రత్త! ప్లగ్గు తీగలలో వేల వోల్టులు పారతాయి. మీరు బానెట్టు తెరవవద్దు, ఆ పని మెకానిక్కుది. మూసిన షెడ్డులో ఇంజను నడపనివ్వకండి. పొగలో విషవాయువు ఉంటుంది. కారు నడిపేవారు రేడియో తిప్పకూడదు. వినటం, రాసుకోవటం మీ వంతు. ఏ చోటు, ఏ వేళ, ఏ స్టేషను, ఎట్లాంటి శబ్దం అన్నది ఒక నోటుపుస్తకంలో రాయండి. ఆ కాగితం చూపిస్తే మెకానిక్కుకు సగం పని తగ్గుతుంది.

ఇంట్లో చేసి చూడండి

1. చిన్న ట్రాన్సిస్టరు రేడియోలో ఎఫ్.ఎం. పెట్టి, ఏరియల్‌తో సహా దాన్ని వంటింటి అల్యూమినియం కాగితంలో పూర్తిగా చుట్టండి. పాట ఏమైంది? ఒక పక్క కాగితం విప్పితే ఏమవుతుంది?

2. మీడియం వేవ్ పెట్టి, స్టేషను లేని చోట ముల్లు నిలపండి. గోడమీది లైటు స్విచ్చి వేసి తీయండి. ‘టప్’మన్నదా? ఆ స్విచ్చిలో ఎగిరిన చిన్న రవ్వ మాటే అది!

ఈసారి అరకు వెళ్ళినప్పుడు ఘాటురోడ్డులో ఎన్ని రేడియో నీడలు తగిలాయో లెక్కపెట్టండి. తిరుగు ప్రయాణంలోనూ అవే చోట్ల తగిలాయా? తగిలితే, కొత్త రేడియో డబ్బు మిగిలినట్టేనని నాన్నగారితో చెప్పండి!