ఫొటో కింద పేరు

జర్మనీకి చెందిన బౌహౌస్ కళాశాల అనగానే మన ఆర్కిటెక్చర్ విద్యార్థుల కళ్లముందు మెదిలేది దెస్సావ్‌లోని గాజు గోడల భవనం. వాల్టర్ గ్రోపియస్ రూపకల్పన అది. వెళ్లి చూసినవాళ్లు మనలో కొందరే, మిగతావాళ్లమంతా ఫొటోల్లో చూసినవాళ్లమే. ఆ ఫొటోల్లో పేరుపడ్డవి చాలావరకు లూసియా మొహోలీ తీసినవి. ఆ పేరు ఎంతమంది విన్నారు?

ఆమె 1894లో ప్రాగ్‌లో పుట్టారు. భర్త లాస్లో మొహోలీ-నాజ్ 1923లో బౌహౌస్‌లో అధ్యాపకుడిగా చేరితే ఆమెకు మాత్రం అక్కడ పదవి లేదు. అయినా బరువైన కెమెరా, గాజు నెగటివ్‌లతో ఆ కళాశాలనంతా రికార్డు చేశారు. అక్కడి విద్యార్థిని మరియానే బ్రాండ్ట్ చేసిన లోహపు టీపాట్‌ను ఆమె తీసిన తీరు చూడండి. మెరిసే లోహం అద్దంలా గదినంతా చూపిస్తుంది. దాన్ని అదుపులో పెట్టి వస్తువు ఆకారాన్ని మాత్రమే నిలబెట్టడం ఎంత కష్టమో ఫొటోగ్రాఫర్లకు తెలుసు.

1933లో ఆమె సహచరుడైన కమ్యూనిస్టు నాయకుడు థియోడోర్ నాయ్‌బావర్‌ను నాజీలు ఆమె ఇంట్లోనే అరెస్టు చేశారు. యూదు కుటుంబంలో పుట్టిన లూసియా ఉన్నపళాన దేశం విడిచారు. సుమారు 560 నెగటివ్‌లు అక్కడే ఉండిపోయాయి. అవి మాజీ భర్త ద్వారా గ్రోపియస్‌కు, ఆయనతోపాటు అమెరికాకు చేరాయి. 1938లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో జరిగిన బౌహౌస్ ప్రదర్శన కేటలాగులో ఆమె ఫొటోలు ఎన్నో అచ్చయ్యాయి, ఆమె పేరు లేకుండా. లండన్‌లో బతుకుతెరువు వెతుక్కుంటున్న ఆమెకు చూపించుకోవడానికి తన పనే చేతిలో లేదు.

యుద్ధం తర్వాత సంగతి తెలిసి ఆమె తన నెగటివ్‌లు అడిగితే, అవి తనకు ఎంతో ఉపయోగపడుతున్నాయని, తన దగ్గరే ఉండనివ్వమని గ్రోపియస్ రాశారు. ఆయన వాస్తుశిల్పిగా ఎంత గొప్పవారైనా ఇది అన్యాయమే. నాజీల పాలనలో దేశం విడవడమంటే ఏమిటో ఆయనకూ తెలుసు. అందుకే ఆ ఉత్తరం నాకు మరింత బాధ కలిగిస్తుంది. చివరికి లాయరును పెట్టుకుంటేగానీ, 1957లో, 230 దాకా నెగటివ్‌లు ఆమెకు తిరిగి రాలేదు.

ఆమె 1989లో జ్యూరిక్‌లో కన్నుమూశారు. బౌహౌస్ గురించి పాఠం చెప్పే అధ్యాపకులకు, వ్యాసాలు వేసే సంపాదకులకు నా విన్నపం ఒక్కటే: ఆ ఫొటోల కింద లూసియా మొహోలీ అని రాయండి.