నాలుగు ఆప్షన్లు లేని ప్రశ్న

ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో చేరిన చిరంజీవులకు,

వెబ్ ఆప్షన్లు పెట్టడం, రాత్రికి రాత్రి వాటి వరుస మార్చడం, రెండో విడతలో ఇంకాస్త మంచి కాలేజీ వస్తుందేమోనని ఎదురుచూడడం, అన్నీ అయిపోయాయి. ఏ కాలేజీ, ఏ బ్రాంచి అన్నది ఈపాటికి మేనత్తలకూ మేనమామలకూ పక్కింటివాళ్లకూ తెలిసిపోయింది. సీఎస్‌ఈ వచ్చినవాళ్లకు అభినందనలు, సివిలో మెకానికలో వచ్చినవాళ్లకు ఓదార్పులు అందే ఉంటాయి. ఓదార్చినవాళ్లను క్షమించేయండి, వాళ్లకు తెలిసింది అంతే. నేను మెకానికల్ వాణ్ణి. రిటైరయ్యేదాకా ఫస్టియర్ పిల్లలకు ఇంజినీరింగ్ డ్రాయింగ్ చెప్పాను. ఏ బ్రాంచి పిల్లలైనా మొదటి ఏడాది నా హాల్లోకి వచ్చి బల్ల ముందు నిలబడ్డవాళ్లే. ఆ చనువుతో రాస్తున్నాను.

మీరు రాసి వచ్చిన ఎంసెట్ సంగతి ముందు చెప్పుకుందాం. కాగితాల మీద దాని పేరు ఈఏపీసెట్ అయినా ఇంట్లో ఇంకా ఎంసెట్టే కదా. 3 గంటల్లో 160 ప్రశ్నలు. ఒక్కోదానికి నిమిషం పైన కొన్ని సెకన్లు. ప్రతి ప్రశ్న కిందా నాలుగు ఆప్షన్లు. తప్పుకు మైనస్ మార్కులు లేవు కనక, తెలియనిదానికి కూడా చివరి రెండు నిమిషాల్లో ఏదో ఒకటి నొక్కి బయటపడతారు. దీనికోసం రెండేళ్లు తెల్లారకముందే లేచారు, స్టడీ అవర్లలో కూర్చున్నారు, వారం వారం టెస్టులు రాశారు, గోడ మీద అంటించిన ర్యాంకుల లిస్టులో మీ పేరు వెతుక్కున్నారు. లెక్క మొత్తం చేయకుండా ఆప్షన్లను వెనక్కి ప్రతిక్షేపించి జవాబు పట్టే ఉపాయాలు కూడా నేర్చుకున్నారు. మీ తెలివిని నేను తక్కువ చేయడం లేదు. అయితే ఆ రెండేళ్లూ మీకు తెలియకుండానే ఒక నమ్మకాన్ని మీలో నాటి వెళ్లాయి: ప్రశ్న అంటూ ఉంటే జవాబు దాని కిందే ఉంటుందని, నాలుగింటిలో ఒకటి అయి తీరుతుందని.

కాలేజీలో మొదటి నెల గడవకముందే ఆ నమ్మకానికి దెబ్బ తగులుతుంది. అది ఎక్కువగా తగిలేది డ్రాయింగ్ హాల్లో.

మొదటి రోజు అరగంట మినీ డ్రాఫ్టర్‌ని బోర్డుకు బిగించడంతోనే సరిపోతుంది. స్క్రూ వదులైతే గీతలన్నీ ఒరిగిపోతాయి. ఆ తర్వాత వక్రాలు, స్కేళ్లు అయ్యాక ఒక రోజు సార్ బోర్డు మీద ఇలాంటిది రాస్తారు: షట్కోణపు ఆధారం ఉన్న పిరమిడ్, దాని అక్షం నేలకు 45 డిగ్రీలు వంగి ఉంది, ముందునుంచీ పైనుంచీ ఎలా కనిపిస్తుందో గీయండి. కింద ఆప్షన్లు ఉండవు. తెల్ల షీటు, మధ్యలో ఎక్స్ వై గీత. పిరమిడ్‌ని ముందు నిటారుగా నిలబెట్టినట్టు ఊహించి గీయాలి. తర్వాత దాన్ని బుర్రలోనే 45 డిగ్రీలు వంచాలి. ఒక్కో మూల నుంచి సన్నటి గీతలు దింపి, అవి కలిసే చోట చుక్కలు పెట్టి, చుక్కలు కలపాలి. ఏ అంచు కనిపిస్తుంది, ఏది వెనక్కి పోయి తెగిన గీత అవుతుంది అన్నది ఏ సూత్రమూ చెప్పదు. కళ్లు మూసుకుని చూడాల్సిందే. పది నిమిషాలు ఏమీ తోచదు. ఇంటర్‌లో మొదటి వరసలో కూర్చున్న పిల్లలు కూడా ఇక్కడ పెన్సిల్ కొరుకుతూ నిలబడడం ఏటా చూసేవాణ్ణి.

ఆ పది నిమిషాల్లో మీరు ఏం చేస్తారన్నదే నాకు ముఖ్యం. కొందరు కాసేపు తంటాలు పడి, చెరిపి, మళ్లీ గీసి, గంట తర్వాత ‘ఆఁ’ అంటారు. మరికొందరు ఆ సాయంత్రం హాస్టల్లో గాజు పలక కింద లైటు పెట్టి, ఫ్రెండు షీటు మీద తమ షీటు పరచి, గీతలన్నీ తెచ్చేసుకుంటారు. మర్నాడు షీటు అద్దంలా ఉంటుంది. మాకు తెలియదనుకుంటారు గానీ, తెలుస్తుంది. సొంతంగా గీసిన షీటులో కంపాస్ ముల్లు గుచ్చిన చుక్కలుంటాయి, చెరిపిన చోట కాగితం కాస్త నలిగి ఉంటుంది, దింపిన గీతల జాడ ఉంటుంది. లైటు మీద తెచ్చిన షీటులో జవాబు ఒక్కటే ఉంటుంది, అది వచ్చిన దారి ఉండదు. ఇప్పుడు చాలాచోట్ల సగం సిలబస్ కంప్యూటర్ మీదికి మారింది, ఆటోక్యాడ్‌లో గీస్తున్నారు. ఫ్రెండు ఫైలు తెచ్చి పేరు మార్చి ఇవ్వడం గాజు పలక కన్నా తేలికైంది, అంతే తేడా.

“మేం సీఎస్‌ఈ కదా సార్, మాకిదంతా ఎందుకు?” అని అడిగేవాళ్లు. మీరూ అడుగుతారు. సీనియర్లు కూడా ‘ఫస్టియర్ వేస్ట్ రా, సెకండియర్ నుంచి చూసుకో’ అనే ఉంటారు. దానికి జవాబుగా నేను విశ్వేశ్వరయ్య గారి గురించి చెప్పేవాణ్ణి.

మీరు చేరిన కొద్ది రోజులకే సెప్టెంబర్ 15న ఇంజినీర్స్ డే వస్తుంది. సెమినార్ హాల్లో తలపాగా పెట్టుకున్న ఒక పెద్దాయన ఫోటోకు దండ వేస్తారు, ప్రిన్సిపాల్ గారు మాట్లాడతారు, క్విజ్ పెడతారు. ఆ రోజు ఆయన పుట్టినరోజు అని చెబుతారు. మన గడ్డ మీద ఆయన చేసిన పని మాత్రం ఎవరూ వివరించరు. 1908 సెప్టెంబర్ చివర్లో మూసీకి వచ్చిన వరదలో హైదరాబాద్ సగం కొట్టుకుపోయినంత పనైంది, వేల మంది పోయారు. చింతచెట్టు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నవాళ్ల కథ ఉస్మానియా ఆస్పత్రి దగ్గర ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికి బొంబాయి ప్రభుత్వ కొలువు వదిలేసి ఉన్న మోక్షగుండం విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం పిలిపించింది. ఆయన ముందున్న ప్రశ్న: ఇది మళ్లీ జరగకుండా ఏం చేయాలి? నీళ్లు వచ్చి పడింది నగరంలో కాబట్టి, అక్కడ గోడలు లేపడమో నదిని వెడల్పు చేయడమో ఎవరికైనా తోచే జవాబు. ఆయన నగరం వదిలి ఎగువకు చూశాడు. ఎంత వాన పడింది, ఎంత మేర నేల నుంచి నీరు దిగింది, మధ్యలో ఎన్ని చెరువులు తెగాయి, అన్నీ లెక్క కట్టాడు. వరద నగరానికి చేరకముందే ఆపాలని, ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టాలని చెప్పాడు. అవే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. నగరానికి తాగునీరూ అక్కడి నుంచే అందింది.

ఆయన ముందు నాలుగు ఆప్షన్లు పెట్టి ఉంటే ‘నగరం పైన రెండు చెరువులు’ అన్నది వాటిలో ఉండేదా? నాకు అనుమానమే. లోకంలో ఇంజినీరు దగ్గరికి వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఇలాగే వస్తుంది. ప్రశ్న ఏమిటో కూడా ముందు మనమే తేల్చుకోవాలి. దానికి కావలసిన ఓపిక మొదటి ఏడాది ఈ ‘వేస్ట్’ సబ్జెక్టుల్లోనే అలవడుతుంది. డ్రాయింగ్‌లో మార్కులు ఎన్ని వచ్చాయన్నది రెండేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు. ఏమీ తోచని పది నిమిషాలు పారిపోకుండా నిలబడ్డ అలవాటు మాత్రం మీతో ఉంటుంది.

సీఎస్‌ఈ వాళ్లకు ఇదే పాఠం సీ ప్రోగ్రామింగ్ ల్యాబులో ఎదురవుతుంది. కంపైలర్ 12వ లైనులో తప్పుందంటుంది. 12వ లైను ఎంత చూసినా తప్పు కనపడదు. 11వ లైను చివర సెమీకోలన్ మరిచిపోయి ఉంటారు. మొదటిసారి దీన్ని పట్టుకోవడానికి ల్యాబ్ పీరియడ్ సగం పోతుంది. పోనివ్వండి. ఇప్పుడు మీ చేతిలో చాట్‌జీపీటీ ఉంది, ప్రశ్న మొత్తం దాంట్లో వేస్తే అరనిమిషంలో ప్రోగ్రాం వచ్చేస్తుంది, రికార్డులోకి ఎక్కించుకోవచ్చు. వాడొద్దని చెప్పను, చెప్పినా వినరు. ముందు మీరు రాయండి, ఆగిపోయిన చోట ‘ఇది ఎందుకు పనిచేయలేదు’ అని దాన్ని అడగండి. మొత్తం దాంతోనే రాయించుకున్నవాళ్ల సంగతి వైవాలో తేలిపోతుంది. ఎక్స్‌టర్నల్‌గా వచ్చినాయన పెద్ద ప్రశ్న ఏమీ అడగడు. స్కాన్‌ఎఫ్‌లో వేరియబుల్ పేరు ముందు ఆ ‘అండ్’ గుర్తు ఎందుకు పెట్టావమ్మా అంటాడు. విలువను తెచ్చి ఎక్కడ పెట్టాలో చెప్పడానికి ఆ వేరియబుల్ అడ్రస్ ఇవ్వాలి అనే ఒక్క వాక్యం చాలు. అది రాక, తప్పుల్లేని రికార్డు పట్టుకుని బిక్కమొహం వేసినవాళ్లు ఎంతమందో.

మాథ్స్ గురించి ఎక్కువ చెప్పను. మ్యాట్రిసెస్‌లో ఐగెన్ విలువలు వస్తాయి, ముఖ్యమైన ప్రశ్నలు ఏరుకుని బట్టీ పట్టి గట్టెక్కేస్తారు. గూగుల్ మొదలైనప్పుడు ఏ పేజీ ముందు చూపాలో తేల్చిన పద్ధతి ఒక ఐగెన్ వెక్టర్ లెక్కే అని మాత్రం గుర్తుపెట్టుకోండి. ఇక వర్క్‌షాపులో ఆకురాయితో ఇనప ముక్క అరగదీస్తారు, చిత్రిక పడతారు, ఇంటి వైరింగ్ బిగిస్తారు. చేతులు బొబ్బలెక్కుతాయి. అమ్మాయిలను పక్కన నిలబెట్టి వాళ్ల జాబ్ కూడా తామే చేసి పెడతామనే అబ్బాయిలు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. ఒప్పుకోకండమ్మా, మీ రంపం మీరే పట్టండి.

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు ఒక మాట. మొదటి నెల క్లాసులో పాఠం సగం అర్థం కాదు. పక్కవాడు గడగడా ఇంగ్లీషులో అడిగే ప్రశ్న విని, వాడికి అంతా వచ్చేసిందనుకుంటారు. భాష వేరు, విషయం వేరు. సాయంత్రం రూమ్మేటుకు ఆ పాఠాన్ని తెలుగులో చెప్పి చూడండి. చెప్పగలిగితే అర్థమైనట్టే, ఆ తర్వాత ఇంగ్లీషులో రాయడం సాధనతో వచ్చే పని. వినడానికి ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. పుస్తకాలకు హైదరాబాద్ వాళ్లు కోఠీకి, విజయవాడ వాళ్లు లెనిన్ సెంటర్‌కి వెళ్లండి. డ్రాయింగ్‌కు ఎన్.డి. భట్, మాథ్స్‌కు గ్రేవాల్ పాతవి దొరుకుతాయి. ఎడిషన్ పాతదైనా పిరమిడ్ మారదు.

ఇక హాస్టల్. ఇంటర్‌లో ఫోన్ లాక్కున్న వార్డెన్ ఇక్కడ ఉండడు, నిద్ర లేపేవాడూ ఉండడు. ఈ స్వేచ్ఛ మీకు కొత్త. రాత్రి రెండింటిదాకా రీల్స్ చూసి, మొదటి పీరియడ్ పోగొట్టుకుని, అటెండెన్స్ తగ్గాక డాక్టరు సర్టిఫికెట్ కోసం తిరిగే పిల్లలు ప్రతి సెమిస్టరులోనూ ఉంటారు. జేఎన్‌టీయూల పద్ధతిలో 75 శాతం హాజరు ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే అనారోగ్య కారణం చూపి, ఫీజు కట్టి మాఫీ అడగాలి. 65 కూడా లేకపోతే పరీక్ష రాయనివ్వరు. ఏ నెలకానెల మీ శాతం మీరే చూసుకోండి.

సబ్జెక్టు పోవచ్చు. పోతే సప్లీ రాస్తారు, అంతకు మించి ఏమీ కాదు. దాన్ని ఇంట్లో దాచకండి. ఎవరితోనూ చెప్పుకోలేనంత బరువుగా అనిపిస్తే ప్రభుత్వపు టెలీమానస్ నంబరు 14416కి చేయండి, తెలుగులో మాట్లాడతారు. ర్యాగింగ్ జోలికి ఎవరైనా వస్తే భయపడకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే దానికి చట్టం వచ్చింది, 1800-180-5522 అనే జాతీయ హెల్ప్‌లైన్ కూడా ఉంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలించి వెనక్కి ఇచ్చేయాలని, తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే కాలేజీలకు చెప్పింది. మీ కాలేజీ వాటిని ఇవ్వకపోతే, నాన్నగారిని వెళ్లి మర్యాదగా, గట్టిగా అడగమనండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే అది మీ తప్పు కాదు. దానికోసం తల దించుకుని తిరగకండి.

చివరగా ఒక విన్నపం. సందేహం వస్తే స్టాఫ్‌రూమ్‌కు వెళ్లండి. క్లాసులో అరవై మంది ముందు అడగడానికి మొహమాటమైతే, క్లాసు అయ్యాక వెళ్లండి. ‘పిచ్చి ప్రశ్నేమో’ అని ఆగకండి, మీ సగం గీసిన షీటో పనిచేయని ప్రోగ్రామో చేత్తో పట్టుకుని వెళ్లండి. ఒకాయన విసుక్కుంటే పక్క కుర్చీలో ఉన్నాయన్ని అడగండి. మొదటి సెమిస్టరులో స్టాఫ్‌రూమ్ తలుపు తట్టే పిల్లలు చాలా తక్కువ. కాబట్టి వెళ్లినవాళ్లకు కావలసినంత సమయం దొరుకుతుంది.

ఇట్లు,
మీ డ్రాయింగ్ మాస్టారు