జ్వరం తగ్గినా గండం గడవలేదు

దగ్గు, జలుబుతో వచ్చిన జ్వరం నాలుగు రోజులకు తగ్గితే రోగి గట్టెక్కినట్లేనని పల్లెల్లో భావించడం పరిపాటి. మర్నాడే పొలం పనికి బయలుదేరతారు. అయితే కొందరికి అసలు ముప్పు ఆ తర్వాతే పొంచి ఉంటుందని గ్రామీణులకు చెప్పే నాథుడు లేకపోవడం శోచనీయం.

ఫ్లూ, కరోనా వంటి జబ్బులు ఊపిరితిత్తులతోనే ఆగవు. గుండె నుంచి రక్తం తీసుకుపోయే ధమనుల లోపలి పొరను దెబ్బతీస్తాయి. రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. షుగరు, బీపీ, చుట్ట బీడీల వల్ల ముందే కొవ్వు పేరుకున్న ధమనిలో గడ్డ అడ్డుపడితే రక్తం ఆగిపోతుంది. గుండెలో అయితే గుండెపోటు, మెదడులో అయితే పక్షవాతం, కాలిలో అయితే కాలికే ఎసరు. ఫ్లూ నిర్ధారణ అయిన 7 రోజుల్లో గుండెపోటు ముప్పు మామూలు రోజులకంటే సుమారు 6 రెట్లు ఎక్కువని కెనడా దేశంలోని అంటారియోలో జరిపి 2018లో వెల్లడించిన పరిశీలనలో తేలింది. 2020, 2021 సంవత్సరాల్లో కరోనా సోకినవారిలో కొందరు ఇటువంటి గడ్డల వల్లే కాళ్ళు పోగొట్టుకున్నారు.

ఛాతీ నొప్పి వస్తే గ్యాసని సోడా తాగిస్తారు. కాలు చల్లబడి పాలిపోతే వాతమని తైలం మర్దన చేస్తారు. మూతి వంకరపోతే నాటు మందుకు పరుగెత్తుతారు. ఈలోగా గంటలు గడిచిపోతాయి. పక్షవాతంలో గడ్డను కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. రక్తం ఆగిన కాలు ఆరు గంటలు దాటితే దక్కడం కష్టం. తెల్లవారాక చూద్దామనుకోకుండా వెంటనే 108కి ఫోను చేయాలి. అలాగని రక్తం పలుచబడే మాత్రలు సొంతంగా మింగరాదు. వచ్చిన జ్వరం డెంగ్యూ అయితే రక్తస్రావమై ప్రాణం మీదికి వస్తుంది.

జ్వరాల సర్వే ఎంతమందికి జ్వరమో రాసుకోవడంతో ముగియరాదు. షుగరు, బీపీ రోగులెవరో ఉపకేంద్రాల సిబ్బందికి తెలియనిది కాదు. జ్వరం వచ్చిన అలాంటివారి ఇళ్ళకు ఆశా కార్యకర్త వారంలోపు మరోసారి వెళ్ళి ఛాతీ నొప్పి, ఆయాసం, కాళ్ళ తిమ్మిరి ఉన్నాయేమో అడిగి, ఈ లక్షణాలు ఇంటివారికి చెప్పి రావాలి. ఇందుకు కొత్త భవనాలు, యంత్రాలు అక్కరలేదు. జ్వరాల కాలం ముదరకముందే జిల్లా వైద్యాధికారులు ఈ ఏర్పాటు చేస్తే ఎన్నో ఇళ్ళల్లో దీపం ఆరకుండా ఉంటుంది.