పిల్లల్ని కాచే కొర్రమీను

పెదబయలు మన్యంలో పారే మత్స్యగెడ్డ మీద, హుకుంపేట మండలంలో మత్స్యగుండం ఉంది. అక్కడి చేపల్ని గిరిజనులు దైవంగా కొలుస్తారు. ఎవరూ పట్టరు.

చెరువుల్లో పెరిగే కొర్రమీనుకు ఏడాదిలో కొద్ది వారాలైనా అలాంటి రక్షణ కావాలి. తెలంగాణ 2016లో రాష్ట్ర చేపగా ఎంచుకున్నది దీన్నే. నీటిపైకొచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి చెరువు ఎండుతున్నా తడి బురదలో బతుకుతుంది. వానలు పడగానే గట్టు వారగా గడ్డిని తొలగించి గుడ్లు పెడుతుంది. నీటిపై తేలే ఆ గుడ్లు ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతాయి. ఎర్రటి ఆ పిల్లల గుంపును పెద్ద చేపలు వెన్నంటి కాస్తాయి. గుంపు కనిపించిందంటే కింద పెద్దది ఉన్నట్టే. అక్కడ గాలం వేస్తే దొరికేది ఒక్క చేపే. కాపలా పోయిన పిల్లలు మాత్రం ఇతర చేపల పాలవుతాయి.

ఎర్రపిల్లలు కనిపించినన్నాళ్లు గాలం పక్కన పెడితే చాలు.