బ్రేకు ఆయిలు సంగతి

ఈ నెల కారు బ్రేకుల గురించి వ్రాస్తున్నాను. రేసులతో మనకేమి పని అని పుట తిప్పివేయకండి. కారణమున్నది.

మా కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో కరి మోటార్ స్పీడ్‌వే ఉన్నది గదా, కారు పందాల కరివర్దన్ పేరిట 2003లో తెరిచినది. ఎవరి కారు వారు తెచ్చుకొని, రుసుము కట్టి, రోడ్డుమీద తోలరాని వేగంతో తోలుకొనే రోజులను ‘ట్రాక్ డే’ అంటారు. మా మేనల్లునికి ఆ సరదా పట్టింది. ఇంటి కారుకే రెండు నెలల జీతం పోసి, చిల్లులు వేసిన డిస్కులు పెట్టించి, క్యాలిపర్లకు ఎర్రరంగు పూయించాడు. చూడముచ్చటగానే ఉన్నది. నాలుగో చుట్టులో, మలుపు ముందర కాలు వేస్తే పెడలు మెత్తగా నేలదాకా పోయిందట! గబగబా రెండు మూడుసార్లు తొక్కి, గేరు దింపి, పక్క మట్టిలోకి పోయి ఆగాడు. దెబ్బ తగలలేదు.

“మామా, అమ్మకు చెప్పవద్దు” అన్నాడు.

బ్రేకు చేసే పనల్లా పరుగును వేడిగా మార్చడమే. వేగం రెండింతలైతే వేడి నాలుగింతలు. ఆ వేడి ప్యాడ్ల గుండా ఆయిలుకు చేరుతుంది. పేరుకే అది ఆయిలు. వానాకాలపు ఉప్పువలె తేమను పీల్చుకొంటుంది. డాట్ 4 రకం కొత్తలో 230 డిగ్రీల సెంటిగ్రేడు దాకా మరగరాదని ప్రమాణం. తేమ పట్టినాక ఆ ప్రమాణమే 155కు దిగుతుంది. మరిగితే ఆవిరి పుడుతుంది. ఆయిలు నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. కాలి బలమంతా ఆవిరిని నలపడానికే సరి. మావాడి ఆయిలు కారు కొన్ననాటిది, నాలుగేళ్లయినది. రెండేళ్లకొకసారి మార్చవలసినది! ఎప్పుడో అడిగితే మెకానిక్కు ‘పార్తుక్కలాం’ అన్నాడట. ఆ మాటకు అర్థం మన పాఠకులకు చెప్పనక్కరలేదు.

ఆదివారం ఇద్దరం కూర్చున్నాం. నేను పెడలు తొక్కడం, వాడు చక్రం దగ్గర మర విప్పడం. నేను కాలు ఎత్తకముందే వాడు మర బిగించాలి. లేకుంటే గాలి చొరబడుతుంది. పైనున్న డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ ఉండాలి. కాఫీ డికాక్షనులాంటిది పోయి, తేటది వచ్చేసరికి నా మోకాలు పట్టేసింది. ఒక చుక్క బానెట్టుమీద పడితే వెంటనే నీళ్లతో కడిగాము, పెయింటును తినేస్తుంది గనుక. సిలికాన్ రకమైన డాట్ 5ను దీనితో కలపరాదు.

తరువాత వేడికి ఓర్చే ప్యాడ్లు కొన్నాడు. అసలు పందెపు ప్యాడ్లయితే చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు, ఊళ్లో తిరిగే కారుకు అవి వద్దన్నాను. చివరి చుట్టు బ్రేకు ముట్టకుండా మెల్లగా తిరగాలి; ఆపినాక వేడిమీద హాండుబ్రేకు వేయరాదు. ఇంత ఖర్చులో ఆ ఎర్రరంగు ఒక్కటే ఎందుకూ పనికిరాలేదు.

వచ్చే వారం అక్క అదే కారులో ఊటీ పోతున్నది. దిగేటప్పుడు కూనూరు ఘాటులో రెండో గేరులో రమ్మనీ, బ్రేకుమీద కాలు ఆనించి ఉంచవద్దనీ, అట్లా ఉంచితే అక్కడా ఆయిలు మరుగుతుందనీ మేనల్లునితో చెపుతుంటే అక్క విన్నది.

“ఏమిరా తమ్ముడూ, కొత్తగా ఇన్ని జాగ్రత్తలు?” అన్నది.

చెప్పివేశాను. నాలుగు రోజులనుంచి వాడు నాతో మాట్లాడడం లేదు.