బొమ్మల కొలువులో కనిపించని కౌలురైతు

కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో చేసిన ఎడ్లబండి, దంపుళ్ల పడతి, కల్లుగీత కార్మికుడు సంక్రాంతి కొలువుల్లో కనిపిస్తూనే ఉంటారు. ఆ బొమ్మల్లోని పల్లె మీద మమకారం నిజమైనదే. బెజవాడ రద్దీలో అలసిన మనిషి రెండెకరాల పొలం, ఒక ఆవు కోరుకోవడంలో తప్పు లేదు. కానీ అంతే భూమితో ఇప్పటికే బతుకుతున్నవాళ్ల సంగతి? 2015-16 వ్యవసాయ గణనలో ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టారు. 2019 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఇక్కడి సాగు కుటుంబాల్లో 93 శాతం అప్పుల్లో ఉన్నాయి. సగటు బాకీ దాదాపు రెండున్నర లక్షలు, దేశంలోనే అత్యధికం.

డెల్టాలో ఈ భారం ఎక్కువగా మోసేది కౌలురైతు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను కోతకొచ్చిన వరిని ముంచినప్పుడు పెట్టుబడి పోయింది ముందుగా అతనికే. 2011 చట్టం యజమాని సంతకం లేకుండానే అతనికి రుణ అర్హత కార్డు ఇచ్చింది. 2019 చట్టం కౌలు ఒప్పందంపై ఆ సంతకాన్ని తప్పనిసరి చేసింది. సంతకం పెడితే భూమి చేజారుతుందని యజమానులు భయపడతారు. తరతరాల ఆస్తి కనుక ఆ భయాన్ని కొట్టిపారేయలేం. అయితే ఆ ఒప్పందం 11 నెలలదే, భూమిపై ఏ హక్కూ ఇవ్వదు. అప్పు తగ్గాలంటే ప్రకృతి సేద్యంతో ఖర్చు తగ్గించుకోవాలనేవారి మాటలోనూ నిజముంది. కానీ ఏటా పొలం మారే కౌలుదారు ఎవరి నేలను బాగుచేయాలి? పల్లెను ప్రేమించే పట్నవాసుల్లో చాలామందికి ఊళ్లో కౌలుకిచ్చిన పొలం ఉంది. ఈ ఖరీఫ్‌కు ముందే ఆ కౌలు ఒప్పందంపై సంతకం పెట్టండి.